ఈస్టర్ నాటి చెంబెడు పాలు

చర్చిలో మైకు పట్టుకొని నోటితో ఒక మాట, కడుపుతో ఇంకో మాట చెప్పిన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. మెట్‌పల్లి పక్కన ఒక ఊళ్లో ఈస్టర్ పండుగ నాడు జరిగిన సర్వనాశనానికి కర్త, కర్మ, క్రియ అన్నీ నేనే. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి చెప్పు కోసం వెతుకుతుంది.

అప్పుడు నేను జమ్మికుంటలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు సారును. నాకు పాలు పడవు. ఎందుకు పడవో నాకంటే బాగా చెప్పేవాడు ఆ బజారులో లేడు. పాలలో ఒకరకం చక్కెర ఉంటుందనీ, దాన్ని విరిచే పని చిన్నపేగులో ఉండే లాక్టేజ్ అనే ఎంజైముదనీ, చంటిపిల్లలకు అది దండిగా ఉండి, పాలు మరిచాక చాలామందిలో తగ్గిపోతుందనీ ఏడో తరగతి పిల్లలకు బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. "ఇది రోగం కాదురా, తాతముత్తాతల నుంచి వచ్చే గుణం. మన దేశంలో ఎంతోమందికి ఉంది. విరగని చక్కెర పెద్దపేగులోకి దిగితే అక్కడి సూక్ష్మజీవులకు పెళ్లి భోజనం. మనకు మాత్రం గాలి, గుడగుడ, పరుగు" అని ముగించేసరికి పిల్లలు పడీపడీ నవ్వేవారు. ఇంత చెప్పే పెద్దమనిషి, బయటికి వచ్చి "నాకు పాలు పడవు" అని ఒక్క ముక్క అనలేకపోయేవాడు. ఎందుకట? నామోషీ! మగపిల్లగాడు చెంబెడు పాలు తాగి అరాయించుకోలేడంటే పరువు పోతుందట. ఏడ్చినట్టుంది పరువు.

ఆ ఏడు మా అవ్వ, బాపు, అంటే అమ్మానాన్నలు, నన్ను తీసుకొని పిల్లను చూడబోయారు. పిల్ల పేరు ఎస్తేరు. నర్సింగు చదివింది. చూడగానే నాకు నచ్చింది, అబద్ధమెందుకు. వాళ్ల నాయన ఆ ఊరి చర్చి సంఘానికి పెద్ద. కొట్టం నిండా బర్రెలు. వాటిని చూడగానే నా కడుపు ముందే దండం పెట్టింది.

అనుకున్నంతా అయింది. ఎస్తేరు వాళ్లమ్మ గ్లాసు నిండా పాలు తెచ్చి పెట్టింది.

"తాగు బిడ్డా, ఇప్పుడే పిండి కాగబెట్టినం" అన్నాడు నాకు కాబోయే మామ.

"వానికి పాలు..." అని అవ్వ నోరు తెరిచిందో లేదో, నేను ఆమె కాలు తొక్కాను.

"శ్రమకాలం గద మామా. పాలు ఇడిసిన" అన్నాను.

తెలియనివారి కోసం చెబుతున్నాను. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు మా క్రైస్తవులకు శ్రమకాలం. దేవుడి పేరు మీద ఇష్టమైనది ఏదో ఒకటి విడుస్తాం. ఒకరు మాంసం కూర, ఒకరు చాయ్. మా బాపు బీడీలు విడిచి, ఇంటిల్లిపాది మీదా అరుస్తూ ఉంటాడు. పడనిదాన్ని విడిచి పుణ్యం కొట్టేయాలని చూసిన ఘనుణ్ణి మాత్రం మా సంఘంలో నేనొక్కణ్ణే.

"పాలంటే గంత ఇష్టమా బిడ్డా?"

ఇక్కడ "కొంచెం" అని ఊరుకుంటే ఈ కథే లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఊరు దాటి వాగు దాటి పోయింది.

"ఇష్టమా! పొద్దుగాల చెంబెడు, మాపటికి చెంబెడు తాగేటోన్ని మామా. పాలు లేకుంటే నాకు నిద్రే రాకపోతుండె!"

మామ కళ్లలో నీళ్లు తిరిగాయి. "గింత ఇష్టమైంది ఇడిసినవా! ఈస్టర్ నాడు మా ఊరికే రా. మా బర్రె పాలతోనే ఉపాసం ఇడువు. సంఘం ముందట నిలబడి, దేవుని కోసం ఏం ఇడిసినవో సాక్ష్యం జెప్పు. గప్పుడే పిల్లనిస్తమని అందరి ముందట మాటిస్త" అన్నాడు. శ్రమకాలంలో పెళ్లిమాటలు ఖాయం చేసుకోరు మా దగ్గర. అంటే ఎస్తేరు నాకు దక్కాలంటే ఆ పాలు నా గొంతు దిగాలి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అవ్వ నెత్తి కొట్టుకుంది. "ఈస్టర్ వస్తే ఏం జేస్తవురా?"

"ఏదో ఒకటి జేస్త తియ్యే. నువ్వు పరేషాన్ గాకు."

ఈస్టర్ వచ్చేదాకా నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. పెళ్లికి ఏ రంగు కోటు కుట్టించుకోవాలా అని ఆలోచించాను, అంతే.

ఈస్టర్ వచ్చింది. తెల్లవారకముందే మామ వాళ్ల ఊళ్లో కొవ్వొత్తులతో సమాధుల దగ్గరికి పోయి ప్రార్థన చేసుకున్నాం. సూర్యుడు పొడవగానే అత్తమ్మ క్యాను మూత తీసింది. చిక్కటి పాలు, బెల్లం, ఇలాయిచీ. ఊరి సంఘమంతా నా చుట్టూ గుండ్రంగా నిలబడింది. పిల్లి కళ్లు మూసుకొని పాలు తాగుతుందంటారు కదా, నేనూ అట్లాగే తాగాను. పిల్లికి ఆనందం, నాకు చావు భయం.

"ఇంకొక చెంబు పొయ్యే! పిల్లగాడు నలభై దినాల సంది ఎండిపోయిండు!" అన్నాడు మామ.

అదీ తాగాను. అందరూ స్తోత్రం అన్నారు. ఎస్తేరు ఒక్కతే అనలేదు. నర్సమ్మ కదా, నా నుదుటి మీద చెమట చూస్తూ ఉంది.

తరువాత చర్చిలో ఆరాధన. మొదటి పాటకు కడుపు ఉబ్బింది. వాక్యం చదివేసరికి లోపల మా సూక్ష్మజీవులు బంతి భోజనానికి కూర్చున్నాయి. పాస్టరయ్య నన్ను పిలిచి చేతిలో మైకు పెట్టేసరికి అవి రెండో వడ్డనకు లేచాయి.

"దేవునికి స్తోత్రం. నలభై దినాలు నేను..." అన్నాను.

గుర్ర్ర్ర్ర్! స్పీకరు డబ్బాలు అదిరిపోయాయి.

ముందు వరుసలో ముసలి మార్తవ్వ దిగ్గున లేచింది. "అయ్యో! మొగులు ఉరుముతుంది! నా పసుపు ఎండబోసిన!" అంటూ పరుగెత్తింది. పంట ఇంటికొచ్చే కాలం, ఎవరి వాకిట్లో చూసినా ఉడకబెట్టి ఆరబోసిన పసుపే. ఆమె వెనుక సగం చర్చి లేచి పరుగు పెట్టింది. ఇదే సందని నేనూ పరుగు తీశాను, వెనుకవైపు. బాత్రూం తలుపుకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గర? సంఘపెద్ద దగ్గర!

"మామా, తాళంచెవి!"

"ఏ తాళం బిడ్డా?"

"బాత్రూంది!"

"గిప్పుడా? సాక్ష్యం నడుమనా?"

"మామా, నాకు పాలు పడవు! చిన్నప్పటి సంది పడవు! నేను ఇడిసింది లేదు, పాడు లేదు! నీ కాల్మొక్త, చెవి ఇయ్యి!"

తాళంచెవి దొరికింది. అప్పుడు చూసుకున్నాను, మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. తీగ లేని మైకు. పసుపు మీద టార్పాలిన్ పట్టాలు కప్పుతున్న ఆడవాళ్లు కూడా నా సాక్ష్యం పూర్తిగా విన్నారు.

పాలు తాగి రొమ్ము గుద్దినవాణ్ణి మీరు చూసే ఉంటారు. పాలే రొమ్ము గుద్దినవాడు చాలాసేపటికి బయటికి వచ్చాడు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. సంఘమంతా బయటే ఉంది. మామ చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"ఒక్కమాట జెప్తే అయిపోవు గదయ్యా" అన్నాడు. "మా ఇంట్ల ఎవ్వలికి పాలు పడవు. నాకు పడవు, మీ అత్తకు పడవు, ఎస్తేరుకైతే అసలే పడవు. పెరుగు జేసుకొని తింటం, మిగిలినయి పాలకేంద్రంల పోస్తం. ఇంటికొచ్చినోళ్లకు ఇయ్యకుంటే మర్యాద గాదని ఇస్తం. గిన్ని బర్రెలున్న ఇంట్ల పాలు తాగెటోడు ఒక్కడన్న దొరికిండని మురిస్తిమి!"

నేను తల వంచుకున్నాను. ఇంకెంత వంచాలో తెలియలేదు.

ఎస్తేరు ముందుకొచ్చింది. "పాలు పడవని నేను అందరికీ చెప్తనే ఉన్న. నాకేం సిగ్గుగాలే. మీరు మీ కడుపునొప్పిని దేవుని మీద పెట్టిన్రు" అంది. తరువాత వాళ్ల నాయన వైపు తిరిగింది. "బాపూ, ఇప్పుడు మాటియ్యకు. వచ్చే శ్రమకాలం రానీ. నలభై దినాలు ఈయనను బడాయి ఇడువుమను. ఇడిస్తే జేసుకుంట."

ఏడాది ఆగాను. ఆ నలభై రోజులూ నేను నోరు తెరిస్తే ఒట్టు. మా అవ్వకైతే నాకు మాట పడిపోయిందని అనుమానం వచ్చింది. ఈస్టర్ తరువాత పెళ్లయింది.

కాబట్టి మహాజనులారా, మార్తవ్వ పసుపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కడుపుకు పడనిదాన్ని ఈ జన్మలో దేవుడి పేరు మీద విడువను. విడిస్తే ప్రాణంగా చూసుకునేదాన్నే విడుస్తాను. ఈ శ్రమకాలానికి మళ్లీ బడాయే విడిచాను, ఎవరికీ తెలియకుండా, నిశ్శబ్దంగా.

"తెలియకుండనా?" అంటుంది పక్క నుంచి ఎస్తేరు. "గిది రాస్తున్నది ఎవరు మరి?"