పద్దెనిమిది అప్లికేషన్లు, ఒక ఉద్యోగం

ఎవరూ అడక్కుండానే పద్దెనిమిది కంపెనీలకు నేను అప్లికేషన్లు పెడితే చివరికి ఏమైందో చెబుతాను. టీ చల్లారేలోపే అయిపోతుంది. నవ్వుకున్నా ఫర్వాలేదు, మా కొత్తపేటలో అందరూ నవ్వేసేరు.

తొంభై ఎనిమిదో తొమ్మిదో. బీకాం, టైపు హయ్యరు రెండూ పాసై ఏడాదిన్నర నుంచి ఖాళీగా ఉన్నాను. నాన్నగారు స్టోర్‌కీపరుగా చేసే గోడౌన్ మూతపడి ఆయనా ఇంట్లోనే. నాకు ఉద్యోగం రాకపోతే ఇల్లు గడిచేలా లేదు.

టెలిఫోన్ డైరెక్టరీ ముందేసుకుని కంపెనీల అడ్రసులన్నీ రాసుకున్నాను. టైపు ఇన్‌స్టిట్యూట్ మాస్టారు చూసి, "పేపర్లో ప్రకటనేం లేదు కదమ్మా, ఎవరు చదువుతారు?" అన్నారు.

"చదివేలా రాస్తానండి," అన్నాను. ఎంత పొగరో చూడండి.

నా కిటుకేంటంటే, ప్రతి ఉత్తరంలోనూ ఆ కంపెనీ మీద నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం అని రాయడం. కొబ్బరి పీచు కంపెనీకి పీచంటే ప్రాణం. ఐస్ ఫ్యాక్టరీకి ఐసంటే ప్రాణం. రొయ్యల కంపెనీకైతే, "రొయ్యల సేవలోనే నా జీవితం" అని రాసేను. ఇంగ్లీషులో చదివితే బాగానే ఉందండి.

పదిహేను ఉత్తరాలకు జవాబు లేదు. నెల తర్వాత అమలాపురం నుంచి ఒక కార్డు వచ్చింది, సోమవారం వచ్చి కలవమని. కార్డు మీద కంపెనీ పేరు లేదు, నేను రాసుకున్నవాటిల్లో లేని అడ్రసొకటి మాత్రమే ఉంది. దేనికి పిలిచేరో తెలీకుండానే ఇస్త్రీ చీర కట్టుకుని బయల్దేరేను. తోడు నాన్నగారు వచ్చేరు.

అక్కడ రాజుగారని ఒక పెద్దాయన. బల్ల మీద మూడు ఉత్తరాలు పక్కపక్కనే పరిచి పెట్టేరు. మూడూ నావే.

"పీచూ నాదే, ఐసూ నాదే, రొయ్యలూ నావేనమ్మా. పేర్లు వేరు, ఆఫీసొకటే," అన్నారాయన నెమ్మదిగా. "మరి నీ ప్రాణం అసలు దేని మీద?"

ఆ మాటకి నోరు మూసుకుంటే సరిపోయేది. "మూడింటి మీదానండి," అన్నాను.

ఆయన నాన్నగారి వైపు తిరిగేరు. "ఏవండీ, మీ అమ్మాయికి చిన్నప్పటి నుంచీ రొయ్యలంటే అంత ఇష్టమాండీ?"

నాన్నగారికి ఉత్తరాల సంగతి తెలీదు. అబద్ధం అసలే రాదు. "అబ్బే, వాసనే పడదండీ. ఇంట్లో వండితే కంచం పట్టుకుని వీధరుగు మీదకి పోద్దండి."

"పీచు పని తెలుసాండీ?"

"ఆయ్, చెట్టు మీద కాయ లేతదో ముదురుదో కూడా తెలీదండి దానికి."

నేను కాలితో నాన్నగారి కాలు తొక్కేను. "కాలెందుకు తొక్కుతున్నావమ్మా?" అని పైకే అడిగేరు.

రాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వుతున్నారో కోప్పడుతున్నారో తెలీలేదు. "మీరేం చేస్తుంటారండీ?" అని నాన్నగారిని అడిగేరు. నాన్నగారు గోడౌన్ సంగతి చెప్పేరు. ఎన్నేళ్ళు చేసేరు, సరుకు తగ్గితే ఏం చేసేవారు, ఇలా అరగంట ఇద్దరూ మాట్లాడుకున్నారు. నా సర్టిఫికెట్లు నా ఒళ్ళోనే ఉన్నాయి. నాకు కాఫీ ఇప్పించేరు.

చివరికి రాజుగారు అన్నారు, "టైపు కొట్టేవాళ్ళు నాకు ముగ్గురున్నారండి. కన్నకూతురి ఎదురుగా కూడా ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఒక్కడూ లేడు. ఐస్ ఫ్యాక్టరీ స్టోరు చూసుకుంటారాండీ?"

నాన్నగారు నా వైపు చూసేరు, పాపం. నేను తలూపేను. ఇంకేం చెయ్యను?

మర్నాటి నుంచి ఏడు గంటల బస్సుకి ఆయన ఉద్యోగానికి, నేను ఆయనకి క్యారేజీ కట్టడానికి. ఊళ్ళో ఈ కబురు తెలిసిపోయింది. ఆ ఆదివారం పక్కింటి సూర్యకాంతంగారు వాళ్ళాయన సర్టిఫికెట్లు కవర్లో పెట్టుకుని మా ఇంటికొచ్చేరు.

"నీ చెయ్యి మంచిదంట కదమ్మా. మా ఆయనకి కూడా ఎక్కడో ఒకచోట నువ్వు ఇంటర్వ్యూకి వెళ్ళిపెట్టు."