విప్పని ఉత్తరం

మా ఆయన డ్యూటీకి వెళ్తూ వదిలిన టీ గ్లాసును ఆయన తిరిగొచ్చేదాకా కడగను. ఒకరోజు గోదావరిఖని బస్సులో కలిసిన అమ్మాయి వల్ల వచ్చిన అలవాటది.

కమాన్‌పూర్‌లో ఎక్కి నా పక్కన కూర్చుంది. ఒళ్లో నీలం రంగు ఉత్తరం, అంటించింది అంటించినట్టే ఉంది. సరిహద్దులో లడాయి నడుస్తున్న రోజులవి. ఎవరు రాశారని అడిగాను.

"మా బావ, అక్కా. మిలిటరీల ఉన్నడు. వచ్చే నెల మా లగ్గం. ఆడ ఫోన్లు బందు పెట్టిన్రట, అందుకే ఉత్తరాలు."

"మరి చదవవా?"

"ఇంకోటి వచ్చినంక ఇది విప్పుత. మా నాయన బొగ్గుబాయికి పోయేటప్పుడు గ్లాసుల రెండు గుక్కల చాయ్ ఉంచి పోతడు, మళ్లొచ్చి తాగుత అని. ఆయన వచ్చేదాక మా అమ్మ ఆ గ్లాసు ముట్టది. ఇది గూడ గంతే."

"ఇది వచ్చి ఎన్నాళ్లయింది?"

"ఇరవై మూడు రోజులు," అని కిటికీ వైపు తిరిగింది.

బస్టాండులో దిగేసరికి ఒకాయన ఎదురొచ్చాడు. నెత్తిన హెల్మెట్, మొహం నిండా బొగ్గు. స్నానమైనా చేయకుండా వచ్చేశాడు.

"నాయనా, షిఫ్టు కాకముందే ఎట్లచ్చినవ్?" అందామె.

ఆయన హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఆమె కాసేపు ఆయన్నే చూసింది. తర్వాత అక్కడే నిలబడి ఉత్తరం అంచు చింపింది.