ఫోటో అడుగున గులకరాళ్లు

నల్ల టీలో చెర్రీ జామ్ కలుపుకుని తాగడం నాకు మేం వలస వెళ్లిన మౌంట్ రాస్కిల్ పేటలో అలవాటైంది. రెండువేల దశకం నడిమిలో మా పక్క ఫ్లాట్‌లో ఉక్రెయిన్ నుంచి వచ్చిన ఒక వృద్ధురాలు ఉండేవారు. నా భార్య ఆవిడను ఆంటీ అనేది. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. నీటి నమూనాలు పరీక్షించే ల్యాబులో నా ఉద్యోగం. ఏది చెప్పినా ఆధారం అడిగే నన్ను ఆవిడ ఇన్‌స్పెక్టర్ అనేవారు.

ఒక ఏడాది మా పేట లైబ్రరీలో వలస వచ్చినవారి ఫోటోల ప్రదర్శన పెట్టారు. ఫోటోల కింది వాక్యాలను సరిచూసే పని నేనే అడిగి తీసుకున్నాను. ఆంటీ ఒక నలుపు తెలుపు ఫోటో ఇచ్చారు: చిట్టడవి అంచున రాతి స్తంభం, దాని మీద రష్యన్ అక్షరాలు. కింద రాయవలసిన వాక్యం: "మా అమ్మా, మా ఊరి యూదులందరూ ఇక్కడే ఉన్నారు. నాజీలు కాల్చి చంపారు." వాళ్లమ్మకు సమాధి అంటూ ఉన్నది ఆ స్తంభమే.

నిఘంటువు దగ్గర పెట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్నాను. "ఫాసిస్టులకు బలైన సోవియట్ పౌరులు" అని ఉంది. యూదులన్న మాట లేదు. శాసనాన్ని మించిన సాక్ష్యం లేదని చరిత్ర పాఠాల్లో నేర్చుకున్నవాణ్ణి. ఆ మాట కొట్టేసి, రాతి మీది మాట రాశాను. ఫ్రేములో పట్టడానికి ఫోటో నకలు అడుగుభాగం కత్తిరించాను. అక్కడున్నవి వట్టి కంకర ముక్కలే అనిపించాయి.

మా వంటింట్లో ఆ కాగితం చదివి ఆంటీ దాన్ని బల్ల మీద పెట్టారు.

"అప్పుడు నువ్వక్కడ ఉన్నావా, ఇన్‌స్పెక్టర్?"

"లేను. మీరు?"

"నేనూ లేను. జర్మన్లు రాకముందే మా అత్తతో తూర్పుకు రైలెక్కించారు. యుద్ధమయ్యాక తిరిగొస్తే నాన్న ఒక్కడే మిగిలాడు. ఏటా బడిపిల్లలం ఎర్ర రుమాళ్లు కట్టుకుని, ఆ రాయి ముందు సోవియట్ పౌరుల మీద పద్యం చదివేవాళ్లం. మా అమ్మ కోసం చదువుతున్నానని పైకి అనకూడదు."

"కానీ దానికి ఆధారం..."

నా భార్య తెలుగులో అందుకుంది. "ఏమండీ, మీ ల్యాబ్ బుద్ధి ఇక్కడొద్దు! వాళ్లమ్మ గురించి ఆంటీని ప్రూఫ్ అడుగుతారా?"

ఆంటీకి తెలుగు రాదు. అయినా నవ్వారు. "తిట్టింది కదా? మంచి పని చేసింది." సంచిలోంచి అసలు ఫోటో తీసి, బల్ల మీదున్న నా భూతద్దం నా చేతికే ఇచ్చారు. "కింద చూడు. నువ్వు కోసి పారేసిన చోట."

స్తంభం మెట్టు మీద గులకరాళ్లు, ఒకదాని పక్కన ఒకటి, వరసగా. గాలీ వానా అలా పేర్చవు. సమాధి మీద రాయి పెట్టడం యూదుల ఆచారమని అప్పుడు చెప్పారు.

"టీచర్లు ఊడ్చేసేవాళ్లు. నాన్న మళ్లీ పెట్టేవాడు."

నేను ఒప్పుకోవడానికి ఇంకో వారం పట్టింది. పుస్తకాలు తిరగేస్తే, సోవియట్ కాలంలో అలాంటి చోట్ల యూదులన్న మాట చెక్కనివ్వకపోవడం మామూలేనని తేలింది. ఎందరు చనిపోయారో గులకరాళ్లు రుజువు చేయలేవు. ఎవరి కోసం ఎవరు వచ్చేవారో మాత్రం చెబుతాయి.

ప్రదర్శనలో ఫోటో అడుగంచుతో సహా గోడెక్కింది. కింద ఆవిడ వాక్యం, ఆవిడ రాసినట్టే. దాని కింద చిన్న అక్షరాల్లో రాతి మీది మాటకు నా అనువాదం. ఆంటీ కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. నేను కొట్టేసిన మాట దగ్గర వేలు ఆనించారు.

"సరిచూశావా, ఇన్‌స్పెక్టర్?"

"చూశానండీ."

"అయితే పద, టీ తాగుదాం."