మాబు సాబ్ పళ్ళు, నిప్పుల రొట్టె

2022 ఎండాకాలం. ఆదోనిలో నా పళ్ళ క్లినిక్‌కు ఎమ్మిగనూరు నుంచి మాబు సాబ్ అనే పెద్దాయన వచ్చాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో పనిచేసిన జవాను. నోట్లో ఒక్క పన్ను లేదు. ఆయనకు డెంచర్, అంటే పూర్తి కట్టుడు పళ్ళ సెట్టు చేసిచ్చాను. కొలతలు, ట్రయల్, పై పళ్ళు కింది పళ్ళతో కలిసే బైట్, అన్నీ నేనే చూసుకున్నాను. నా పని మీద నాకు కాస్త గర్వం ఎక్కువే.

వారానికే పై సెట్టు రెండు ముక్కలై రుమాల్లో తిరిగొచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

"రాళ్ళు నమిలినావా తాతా?" అన్నాను.

ఆయన సంచిలోంచి అక్కడక్కడ మాడిన రొట్టె ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"గోదుమపిండి, ఉప్పు, నీళ్ళు. అంతే డాక్టరమ్మా. యుద్ధంలో నేనూ, హొళగుంద ఈరన్నా, మాతో ఉన్న జవాన్లూ నిప్పుల మీద కాల్చుకొని ఇదే తింటిమి. ఇప్పుడూ ఏడాదికొకతూరి ఇద్దరం కలిసి కాల్చుకుంటాం. పోయినేడు నేను నమల్లేకపోతే ఈరన్న కూడా తినకుండా లేసినాడు. 'ఇంగ సాలు మాబూ, మానేద్దాం' అన్నాడు. మానితే ఎట్లమ్మా? ఆ రొట్టె తిన్నోళ్ళలో మేమిద్దరమే మిగిలినాము."

ఒక ముక్క కొరికి చూశాను. నా దవడే కదిలినట్టయింది. కొత్త పళ్ళు ఎవరికిచ్చినా జొన్నరొట్టెతో సరిచూసుకోమని పంపేస్తాను. ఈయన ఏం తినాలనుకుంటున్నాడో అడగనే లేదు. తప్పు నాదే.

మళ్ళీ సెట్టు చేశాను. ముందు పళ్ళతో కొరికితే డెంచర్ వెనకవైపు లేస్తుంది. అందుకని చేత్తో చిన్న ముక్కలు తుంచి, రెండు దవడల్లోనూ పెట్టుకొని నమలడం నేర్పించాను. ఇంట్లో కాల్చి తెచ్చిన రొట్టెతోనే నాలుగు రోజులు క్లినిక్‌లో సాధన. చివరి రోజు కరకరమని చప్పుడైతే ఇద్దరం నవ్వుకున్నాం.

హొళగుంద వెళ్ళొచ్చాక మళ్ళీ వచ్చాడు.

"నమిలినావా తాతా?"

"లేదమ్మా."

"మళ్ళీ విరిగిందా?"

"లేదు. నేను పోయేసరికే ఈరన్న పిండిలో పాలు, నెయ్యి పోసి దూదిలాగ మెత్తగా కాల్చిపెట్టినాడు. 'ఇంగ తిను మాబూ, నమిలే పని లేదు' అన్నాడు. ఏం సేద్దును? నాకు పళ్ళొచ్చినాయని వానికి తెలీదు, సెప్తే నొచ్చుకుంటాడు. పక్కకు తిరిగి పళ్ళు తీసి జేబులో ఏసుకొని, సిగుళ్ళతోనే తింటి. వచ్చే ఏడు నేను కాలుస్తా, గట్టిగా."

ఇంత కష్టపడి చేసిన పళ్ళు జేబులో పెట్టుకున్నావా అని కోప్పడబోయాను. కోప్పడలేక, ఆ పళ్ళే ఇంకోసారి సరిచూసి పంపాను. అప్పటినుంచి కట్టుడు పళ్ళకని ఎవరొచ్చినా, ఏం తింటారని ముందే అడుగుతున్నాను. ఎవరితో తింటారని కూడా అడుగుతున్నాను.