చదువుతూ ఆగిన చోటు

నిన్న మధ్యాహ్నం హైదరాబాదు నుంచి వచ్చిన పుస్తకాల పార్సిలు విప్పాను. కొత్త కాగితం, సిరా, జిగురు కలిసిన వాసన గది నిండా కమ్ముకుంది. కిటికీ అవతల పక్కింటి మామిడి పూత మీద తేనెటీగలు ముసురుతున్నాయి. ఎవరికైనా హాయిగా ఉండవలసిన వేళ. నాకు మాత్రం ఆ హాయి లేదు. ఈ శనివారం మా సంఘంలో వసంతకాలపు పుస్తకాల కూడిక ఉంది. దీనమ్మ టీచర్ లేకుండా జరగబోయే మొదటి కూడిక అది. పోయిన వానాకాలంలో ఆమె ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. ఈ ఏడాది వచ్చిన కొత్త పుస్తకాల్లో ఏది ఎవరి చేతిలో పెట్టాలో ఇప్పుడు నేనే తేల్చుకోవాలి. ఏ పుట ఎవరిని ఓదారుస్తుందో, ఎవరి పుండును రేపుతుందో ముందే ఎలా తెలుస్తుంది? పుస్తకాలను ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టాను, మళ్లీ తీశాను, మళ్లీ పెట్టాను. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే ఆమె గొంతే వినిపించింది.

ఆమెను చూడనివాళ్ల కోసం చెబుతాను. దీనమ్మ టీచర్ మా జహీరాబాదులో ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆదివారం బడిలో మాత్రం చివరిదాకా రిటైరు కాలేదు. పొట్టి మనిషి. షేర్ ఆటోలో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని కూడా మోకాళ్ల మీద పుస్తకం తెరిచేవారు. చదువుతుంటే పెదవులు కదిలేవి. పక్కన కూర్చున్న చిరాగ్‌పల్లి రైతు ఒకసారి, "టీచరమ్మా, ఎట్లాగు చదువుతున్నవ్ గదా, జర గట్టిగ చదువు, మేం గూడ వింటం" అన్నాడట. ఆమె ఆయన ఊరు వచ్చేదాకా చదివి వినిపించారట. ఆటో దిగేటప్పుడు తరువాత ఏమైందని ఆయన అడిగితే, రేపు ఇదే ఆటో ఎక్కమన్నారట.

పుస్తకాల కూడిక ఆమె మొదలుపెట్టినదే. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాల్లో, శనివారం మధ్యాహ్నాలు, గుడి వెనక ఉన్న ఆదివారం బడి గదిలో స్త్రీలందరూ చాపల మీద కూర్చునేవారు. ఆ ఏడు కొత్తగా వచ్చిన పుస్తకాలను ఒక్కొక్కరు పరిచయం చేసేవారు. భక్తి పుస్తకాలు ఉండేవి, నవలలు కూడా ఉండేవి. మొదట్లో మా పాస్టరుగారికి ఇది నచ్చలేదు.

"ఉపవాస దినాలల్ల కథల పుస్తకాలేంది టీచరమ్మా?" అన్నారు.

"మన ప్రభువు చెప్పినయన్నీ కథలే గదా అయ్యగారూ. మీరు ఆదివారం చెప్పున్రి, నేను శనివారం చెప్త."

నేను కోడలిగా ఈ ఊరికి వచ్చిన ఏడాదే నా చేతిలో ఒక పుస్తకం పెట్టారు. నేను బైబిలు వాక్యంలో పెరిగినదాన్ని. మా నాన్న మా ఊరి సంఘానికి పెద్ద. సాక్ష్యం చెప్పడం, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పడం, నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. లేచి నిలబడి, ఈ పుస్తకం చాలా మంచిదనీ, దీని ద్వారా నేనెంతో ఆశీర్వాదం పొందాననీ గడగడా చెప్పేశాను. టీచర్ కళ్లద్దాల పైనుంచి చూశారు.

"ఆశీర్వాదం సరే. ఏడ ఆగినవ్?"

"ఏడా ఆగలే టీచర్. ఒక్క బిగిన చదివిన."

"అయితే చదవలే బిడ్డా, మింగినవ్."

గదంతా నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. ఆ కూడికకు ఒకే ఒక్క నియమం ఉందని నాకప్పుడు తెలిసింది. పుస్తకం బాగుందని చెప్పకూడదు, కథ మొత్తం చెప్పకూడదు. చదువుతూ చదువుతూ ఎక్కడ ఆగిపోయామో ఆ పుట బయటికి చదవాలి, ఎందుకు ఆగామో చెప్పాలి. వాక్యం చదివేటప్పుడు కూడా అంతే అనేవారామె. సాఫీగా సాగిపోయిన వచనాలు మనకు ముందే తెలిసినవి. ఎక్కడ చూపు తట్టుకుంటుందో అక్కడ దేవుడు మనల్ని ఏదో అడుగుతున్నాడని ఆమె నమ్మకం.

రచయితలను పిలిస్తే వాళ్లకూ ఇదే పద్ధతి. దండలు లేవు, బిరుదులు చదవడం లేదు. ముందు పాఠకుల మాట వినాలి, తరువాతే తమ మాట. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు గాజుల దుకాణం సారమ్మ అక్క, "నేను నాలుగో అధ్యాయంల ఆగిన సార్. నిద్రొచ్చింది. మీ నవలల తాత పొలం దున్నుడు ఎంతకూ అయితలేదు" అని చెప్పింది. ఆయన ముఖం ముడుచుకుంది. టీచర్ ఆయన ముందుకు చాయ్ జరిపి, "అబద్ధం చెప్పలేదు గదా, తాగున్రి" అన్నారు. ఆయన కొంతసేపటికి నవ్వాడు. మరుసటి వసంతానికి పిలవకపోయినా వచ్చాడు.

ఆ మరుసటి వసంతంలోనే నాకు ఎనిమిదో నెల.

దానికి ముందు ఒక బిడ్డ కడుపులోనే పోయింది. ఆ దుఃఖాన్ని సంఘమంతా మోసింది. వంటలు చేసి తెచ్చారు, నాతో కూర్చుని ఏడ్చారు. అయితే ఇంటింటి ప్రార్థనకు వచ్చే అక్కల్లో ఒకరు, ఎంతో ప్రేమతోనే, నా తల నిమురుతూ ఒక మాట అన్నారు: "పోయినసారి నువ్వు భయమైతుంది, భయమైతుంది అని నోటితోని అన్నవు బిడ్డా. అది అవిశ్వాసం. ఈసారి ఆ మాట రానియ్యకు." మాలో చాలామంది అలా నమ్ముతారు. నోటితో ఒప్పుకున్నదే జరుగుతుందని, భయాన్ని పలికితే దానికి తలుపు తీసినట్టేనని. నేనూ నమ్మాను. రెండోసారి నెల తప్పినప్పటి నుంచి ఎవరు ఎలా ఉన్నావని అడిగినా "దేవుని కృప, మంచిగున్న" అనేదాన్ని. మా అత్తమ్మ రాజమ్మకు నాకంటే ఎక్కువ భయం. నేను నడుం పట్టుకుని అబ్బా అన్నా, "స్తోత్రం అను బిడ్డా, స్తోత్రం అను" అని తొందర పెట్టేది.

ఆ ఏడు కూడికకు టీచర్ పిలిచిన రచయిత్రి నస్రీన్. మా ఊరి ఆమెనే. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, చదువంతా తెలుగు బడిలో. బట్టలు కుడుతూ రాసుకున్న ఆమె తొలి నవల 'గట్టు మీద పొద్దు' అప్పుడే అచ్చయింది. పరిచయం చేసే పని టీచర్ నాకు అప్పగించారు. అందులో ఏముందో చెప్పలేదు. నా కడుపు చూసి ఒక్క క్షణం ఆలోచించి, "చదవగలుగుతవా?" అని మాత్రం అడిగారు. నేను అలవాటు ప్రకారం దేవుని కృప అన్నాను.

నవల ఝరాసంగం వైపు ఊళ్లలో కంది చేలల్లో పనిచేసే హనీఫా అనే స్త్రీ కథ. సగం దాకా బాగానే చదివాను. ఒకచోట ఆమె కంది కట్టె కోస్తూ నడుం ఎత్తి నిలబడుతుంది. కడుపులో పొద్దుటి నుంచి కదలిక లేదని అప్పుడు గమనిస్తుంది. పడుకుందిలే, లేపడమెందుకు అనుకుని మళ్లీ కొడవలి పట్టుకుంటుంది. అక్కడ ఆగిపోయాను. పుస్తకం మూసి దిండు కింద పెట్టాను. ఆ పుట దాటి చదవలేదు.

శుక్రవారం సాయంత్రం నుంచి నా బిడ్డ కదలికలు తగ్గాయి. తగ్గాయని అప్పుడు నాకు నేను కూడా చెప్పుకోలేదు. శనివారం పొద్దున్న చల్లటి నీళ్లు తాగి ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. ఏదో కదిలినట్టు అనిపించింది, కాదేమో అనిపించింది. కదలిక తగ్గితే ఆలస్యం చేయకుండా రమ్మని దవాఖానలో నర్సమ్మ చెప్పే ఉంది. కానీ వెళ్తే అక్కడ చెప్పాలి కదా, ఆ మాట నోటితో పలకాలి కదా అని నా భయం. పలికితే నిజమైపోతుంది. స్తోత్రం, స్తోత్రం అని లోపల అనుకుంటూనే చీర కట్టుకుని అత్తమ్మతో కలిసి కూడికకు వెళ్లాను.

గది నిండా మనుషులు. నస్రీన్ చున్నీ సర్దుకుంటూ గోడవార కుర్చీలో కూర్చుంది. గుడి లోపల ఎలా ఉండాలోనని ఆమెకూ బెరుకుగానే ఉన్నట్టుంది. టీచర్ నా పేరు పిలిచారు. నేను లేచి ఆ పుట చదివాను. "పడుకుందిలే, లేపడమెందుకు" అన్న దగ్గర ఆపాను.

"ఈడ ఆగిన టీచర్."

"ఎందుకు?"

ఆమె ఏమీ ఎరగక అడిగారు. అందరినీ అడిగే ప్రశ్నే. భాష బాగుందని అనవచ్చు, బాధగా ఉందని అనవచ్చు. ఆ రెండూ నా నాలుక చివర ఉన్నాయి. కానీ ఆ గదిలో అబద్ధం చెప్పడం అప్పటికే మరిచిపోయాం. సారమ్మ అక్క కూడా చెప్పలేదు, నేనెలా చెప్పను?

"నా బిడ్డ గూడ నిన్నటి సంది కదుల్తలేదు" అన్నాను.

అత్తమ్మ ఎప్పుడు లేచిందో తెలియదు. వెనక నుంచి వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "అనకు బిడ్డా, అనకు. ప్రభువా, అది తెల్వక అన్నది" అంటోంది. ఆ చెయ్యి కింద నేను ఏడుస్తున్నాను. టీచర్ వచ్చి అత్తమ్మ మణికట్టు పట్టుకున్నారు. గుంజలేదు, ఊరికే పట్టుకున్నారు.

"రాజమ్మా, సిలువకు ముందు రాత్రి తోటల మన ప్రభువు గూడ తన వేదన స్నేహితులకు చెప్పుకున్నడు. లోపల దాచుకోలే. ఆయన చెప్పుకుంటే లేని తప్పు ఈ పిల్ల చెప్తే వచ్చిందా? చెయ్యి తియ్యి. దాని కడుపు మీద పెట్టు."

అత్తమ్మ చెయ్యి తీసింది. నా కడుపు మీద పెట్టి, కళ్లు మూసుకుని, వింటున్నట్టు నిలబడింది. కళ్లు తెరిచి టీచర్ వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"కూడిక బంద్" అన్నారు టీచర్. "సారమ్మా, ఆటో."

అందరికంటే ముందు లేచింది నస్రీన్. "ఫికర్ చేయకు చెల్లె. నడువు, నేను వస్త" అని నా భుజం పట్టుకుంది. ఆటోలో ఒకవైపు ఆమె, ఒకవైపు అత్తమ్మ. టీచర్ డ్రైవరు పక్కన కూర్చుని గుంతలు చూపిస్తూ ఆయన్ను తిడుతూ వచ్చారు. దారిలో నస్రీన్‌ను అడిగాను, "హనీఫా బిడ్డ ఏమైంది అక్కా?" అని. "అది నా కథ చెల్లె. నీది వేరే" అంది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

దవాఖానలో డాక్టరమ్మ గుండె చప్పుడు విని, ఉంది, కానీ బలహీనంగా ఉందని, ఆగే సమయం లేదని చెప్పింది. ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతుంటే టీచర్ నా చెవి దగ్గరకు వంగారు. ధైర్యంగా ఉండమంటారని అనుకున్నాను. "భయమైతుందని ఆయనతోని చెప్పుకుంట పో" అన్నారు. మత్తు ఎక్కేదాకా అదే చెప్పుకున్నాను. నా బతుకులో అంత నిజమైన ప్రార్థన అంతకుముందు చేయలేదు.

పాప బతికింది. కొన్ని వారాలు అద్దాల పెట్టెలో ఉంది. ఆ వారాల్లో ప్రతి గంటా భయపడ్డాను, ప్రతిసారీ చెప్పుకున్నాను. పేరు కృప అని పెట్టాం.

ఈస్టరు తరువాత సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. అద్భుతం జరిగిందని చెబితే చాలు, భయపడ్డ సంగతి ఎందుకు, కొత్తగా వచ్చినవాళ్లు ఏమనుకుంటారని పెద్దల్లో ఒకరు సలహా ఇచ్చారు. టీచర్‌ను అడిగితే, "కొడవలి పట్టుకున్న హనీఫాను తీసేసి నవల చెప్తవా?" అన్నారు. అంతా చెప్పాను. కొందరు తలలు వంచుకున్నారు. ఆ రోజు ఆరాధన అయ్యాక, నాతో అంతవరకు పలకరింపు కూడా లేని, మా సంఘంలోని ఒకావిడ చెప్పులు వేసుకుంటున్నట్టు వంగి, "నాకు రొమ్ముల గడ్డ ఉన్నట్టుంది. ఎవ్వరికి చెప్పలే. నాతోని దవాఖానకు వస్తవా?" అని అడిగింది. వెళ్లాను. ఆ తరువాత ఇంకొకరు వచ్చారు. ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. టీచర్ నుంచి నాకు సంక్రమించింది ఈ పనే అనుకుంటాను. అది నన్ను ధైర్యవంతురాలిని చేయలేదు. ఎవరి భయం విన్నా ఆ రోజు నాకు అన్నం సహించదు. అయినా వింటాను.

కృప ఇప్పుడు బడికి పోతోంది. మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో స్తుతి కంటే ముందు ఎవరి భయం వాళ్లు చెప్పుకుంటాం. నిన్న నేను, తప్పు పుస్తకం తప్పు మనిషికి ఇస్తానేమోనని భయంగా ఉంది ప్రభువా అన్నాను. అత్తమ్మ తన కళ్లు మసకబారుతున్నాయని చెప్పింది. కృప స్నానాల గదిలో బల్లి గురించి చాలాసేపు చెప్పింది. ఆమేన్ అన్నాక ఏదో గుర్తొచ్చినట్టు నానమ్మ వైపు తిరిగింది.

"నానమ్మా, అందరం అన్ని భయాలు చెప్తే దేవునికి భయం కాదా?"

అత్తమ్మ ఆలోచించింది.

"అయితదేమో బిడ్డా. అందుకే ఆయనను ఒక్కన్ని ఉండనియ్యం. దినాం పోయి పక్కన కూసుంటం."