సువార్తమ్మ పెట్టని కాపడం

ఒక అబద్ధం నా కడుపులో ఏళ్ళ తరబడి కుళ్ళుతోంది. బరువు అంటే గౌరవంగా ఉంటుంది. ఇది బరువు కాదు, కుళ్ళే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముఖం చూసి చెప్పే దమ్ము నాకెప్పుడూ లేదు.

మాది రేపల్లె. పంతొమ్మిది వందల అరవైల్లో, ఇంట్లో అందరూ వద్దు మొర్రో అంటున్నా వినకుండా, మట్టిపనీ శిల్పమూ నేర్చుకుంటానని డిగ్రీలో చేరాను. ఏ కాలేజీయో చెప్పను, దాని తప్పేమీ లేదు. కుమ్మరి సారె మీద కుండలూ కూజాలూ బాగానే లేపేవాణ్ణి. మనిషి రూపం దగ్గరికొచ్చేసరికి నా వేళ్ళు మొద్దుబారేవి. నేను చేసిన ముఖాలు గుమ్మడికాయల్లా ఉండేవి. తోటివాళ్ళు నవ్వితే నేనూ నవ్వేసేవాణ్ణి. గదికెళ్ళాక కుతకుత ఉడికిపోయేవాణ్ణి.

చివరి ఏడాది పరీక్షకు ముసలివాళ్ళ చెయ్యి ఒకటి మట్టితో చేసి, బట్టీలో కాల్చి చూపించమన్నారు. బతికున్న ఒంటి మీద ప్లాస్టరు పోసి అచ్చు తీస్తే అది దొంగతనమని, అలాంటివాణ్ణి గడప తొక్కనివ్వనని శిల్పం మాస్టారు ముందే చెప్పారు. అచ్చు తీసిన చెయ్యి అచ్చం మనిషి చెయ్యంతే ఉంటుంది, కొలిస్తే దొరికిపోతారన్నారు. ఆయన రాతిలో చెక్కే మనిషి. మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కుంచించుకుపోతుందని ఆయనకు గుర్తు రాలేదు. నాకు వచ్చింది. అచ్చులో మట్టి ఒత్తి కాలిస్తే అసలు చేతికంటే చిన్నదే వస్తుంది, ఏ కొలతకూ దొరకదు. అది తట్టిన రోజు ఎంత పొంగిపోయానో! అంత చదువులో నేను సొంతంగా కనిపెట్టింది అదొక్కటే.

మా నాన్నగారి అక్క, మా మేనత్త, భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట కూడా పోయింది. ఆమెను చూసుకోవడానికి సువార్తమ్మ వచ్చేది. బాపట్ల వైపు ఏదో ఆసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి. రోజూ పొద్దున్నే ఇసుక వేయించి మూటకట్టి, ముందు తన చెంపకు ఆనించి చూసుకుని, అప్పుడు అత్తయ్య చేతికి కాపడం పెట్టేది.

తెనాలిలో విగ్రహాలు చేసేవాళ్ళ దగ్గర ప్లాస్టరు మూట కొని రేపల్లె బండెక్కాను. మర్నాడు ఇంట్లోవాళ్ళంతా నందివెలుగులో పెళ్ళికి వెళ్ళారు. ఇవాళ కాపడం వద్దని, సాయంత్రం దాకా తన ఇంట్లో తన పిల్లల దగ్గర ఉండమని సువార్తమ్మను నేనే పంపేశాను. నేను మంచివాణ్ణనుకుని, దండం పెట్టి మరీ వెళ్ళింది.

ఏం చేయబోతున్నానో అత్తయ్యకు చెప్పాను. మూతి వంకరగా నవ్వింది. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి నా ఒళ్ళో పెట్టింది, ఎందుకూ పనికిరానిది నీకైనా పనికొస్తుందిలే అన్నట్టు.

కొబ్బరినూనె రాసి, బేసిన్లో ప్లాస్టరు పోసి చెయ్యి ఆనించాను. అది గట్టిపడ్డాక పైన ఇంకో సగం పోశాను. ప్లాస్టరు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, మందంగా పోస్తే కాలిపోయేంత వేడెక్కుతుంది. నాకు తెలియదా? మొదటి ఏడాదే చెప్పారు. పలచటి అచ్చు బండిలో విరుగుతుందని మందంగా పోశాను. ఆ చేతికి ఎలాగూ స్పర్శ లేదనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా? అనుకున్నాను. బేసిను తాకితే నా వేలు చురుక్కుమంది. అయినా తియ్యలేదు, తొందరపడి తీస్తే అచ్చు పాడవుతుందని.

విప్పాక నేను ముందు చూసింది చేతిని కాదు, అచ్చుని. గోళ్ళు, ముడతలు, ఉంగరం ఉండిన చోట నొక్కు, అన్నీ పడ్డాయి. భలే అనుకున్నాను. ఆ తర్వాతే చేతిని చూశాను. చర్మం తెల్లబడి, వేళ్ళ దగ్గర ఊడి ఉంది. ఊడిన పొర అచ్చుకు అంటుకుని ఉంది. దాన్ని సబ్బునీళ్ళతో కడిగి పెరట్లో పారబోసి, ఆ చేతులతోనే అన్నం కలుపుకు తిన్నాను. మీకు అసహ్యం వేస్తోందా? వెయ్యాలి.

సాయంత్రం నాన్నగారు వచ్చి ఆ బొబ్బలు చూసి సువార్తమ్మ మీద విరుచుకుపడ్డారు.

"ఏంటిది? కాపడం పెట్టమంటే చెయ్యి కాల్చి పెట్టావా?"

"అయ్యో, నేనివాళ కాపడమే పెట్టలేదండి. చిన్నబాబుగారే వద్దన్నారండి." నావైపు తిరిగింది. "మీరే గదండీ ఇంటికెళ్ళి రమ్మంది? ఒక్కమాట చెప్పండి బాబూ."

"నేనెప్పుడన్నాను?" అన్నాను. "పొద్దున ఇసుక పొగలు కక్కుతోంది నాన్నా. నేను చూశాను."

ఆ రెండోది నన్నెవరూ అడగలేదు. అడక్కుండానే చెప్పాను. మంచం మీంచి అత్తయ్య ఎడమచెయ్యెత్తి నావైపు చూపించింది. నొప్పికి అల్లాడుతోంది పాపం అని నేనే అందరికీ అర్థం చెప్పాను.

పుండు మానలేదు. తెనాలి ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. ముసలావిణ్ణి కాల్చిందన్న మాట ఊరంతా పాకింది. బాలింతల దగ్గరికి గానీ మంచానపడ్డవాళ్ళ దగ్గరికి గానీ సువార్తమ్మను మళ్ళీ ఎవరూ పిలవలేదు. ఆసుపత్రి పని తెలిసిన మనిషి బురదలో వంగి నాట్లు వేసింది.

నాకు ఫస్టు క్లాసు వచ్చింది. ఆ మట్టిచేతిని పట్టుకుని, ఇందులో ప్రాణం ఉందిరా అన్నారు మాస్టారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా. దానికి అయిదు వేళ్ళూ ఉన్నాయి.

అత్తయ్య ఇంకొన్నేళ్ళు బతికింది. నేను గదిలోకి అడుగుపెడితే చాలు, ఎడమచేత్తో ఆ చేతిని లాక్కుని పమిట కింద దాచుకునేది. వేళ్ళు పోయాయని సిగ్గుపడుతోందనేది అమ్మ. సిగ్గు కాదు. మళ్ళీ తీసుకుంటానేమోనని భయం.

ఇప్పుడు నేను బాపట్లలో, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ డ్రాయింగు మాస్టారిని. పిల్లలు ప్లాస్టరు కలుపుతుంటే వరండాలోకి వెళ్ళిపోతాను. వాళ్ళకి నేనంటే ఎంతో గౌరవం. ఆ గౌరవం చూస్తే తల తిప్పుకుంటాను. పోయినేడు రేపల్లె బజార్లో సువార్తమ్మ ఎదురైంది. నెత్తిన గంపతో పక్కకు జరిగి నాకు దారి ఇచ్చింది. ఇస్తే ఏం చేశాను? నడిచి వెళ్ళిపోయాను.

ఆమె ఇల్లు నాకు తెలుసు. ఆమె వాకిట్లో నిలబడి, పదిమందీ వినేలా చెప్పాల్సింది మీకు చెప్తున్నాను. ఇదీ పిరికితనమే. క్షమించమని అడగను, అది మీ చేతుల్లో లేదు. కానీ రాస్తుంటే కాస్త తేలికైంది. అలా తేలికైనందుకూ నామీద నాకు రోతగానే ఉంది.

నాన్నగారు లేరు, అత్తయ్యా లేదు. అయినా ఆ సాయంత్రం సువార్తమ్మ అడిగిన ఆ ఒక్కమాట ఇదిగో.

అవును నాన్నా. కాపడం వద్దని, ఇంటికెళ్ళి రమ్మని నేనే చెప్పాను.