మోడెమ్‌కి పూసిన గంధం

పటమటలో మా ఇంట్లో ఆయుధపూజ నా బాధ్యతే. పోయిన దసరాకి మిక్సీ, స్కూటరు అయ్యాక ఇంటర్నెట్ మోడెమ్‌కి కూడా వైర్లు ఊడదీసి, దట్టంగా గంధం పూసి, బొట్టు పెట్టి, మళ్ళీ వైర్లు గుచ్చాను.

మర్నాడు, గంటలో అమ్మాయికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉందనగా చూస్తే నెట్ లేదు. టెలిఫోన్ లైన్‌మన్‌కి ఫోన్ చేసి, "ఏం లైన్లండీ మీవి? కాలేజీలో నెట్‌వర్కింగ్ చెప్పేవాణ్ణి, నాకు తెలీదా?" అని దులిపేశాను.

ఆయన వచ్చి ఫోను లైను వైరు లాగి, దాని కొసకంటిన గంధాన్ని నా కళ్ళముందే తుడిచారు. "బొట్టు పెట్టుకోండి సార్, తప్పులేదు. వైరు దూరే కన్నం మాత్రం వదిలెయ్యండి" అన్నారు.

"నాన్నా, ఇది మీ సిలబస్‌లో లేదా?" అంది అమ్మాయి.

ఇంటర్వ్యూ గట్టెక్కింది. ఈ దసరాకి మోడెమ్‌కి దూరం నుంచే దణ్ణం పెట్టి, బొట్టు నా నుదుటికే పెట్టుకున్నాను.